ముడి బిగుసుకుంది

ఆ లాంచీ టైము పొద్దున ఏడూ పది. టిక్కెట్ గది మీద బోర్డులో అలాగే రాసి ఉంటుంది. కానీ అది సరిగ్గా ఏడూ పదికి బయల్దేరినట్టు ఆఫీసు పుస్తకంలో ఒకే ఒక్క రోజు నమోదై ఉంది. ఆ రోజు సంగతే ఇప్పుడు చెప్పబోయేది.

ఊరు చిన్నది. మూడు వీధులు, మూడూ రేవులోకే దిగుతాయి. ఎదురుగా నలభై నిమిషాల నీళ్ళు, ఆవల నగరం. ఇక్కణ్ణించి చూస్తే నగరంలో మేడలు అగ్గిపెట్టెలు పేర్చినట్టు కనిపిస్తాయి. వాటి మధ్య పరుగులు పెట్టే జనం మాత్రం కనిపించరు, అందుకే ఊరివాళ్ళకు పరుగు అలవాటు కాలేదు. సెల్‌ఫోన్లు ఇంకా రాని రోజులు. టైమంటే రేవు గడియారం, దాన్ని చూసి కొట్టే లాంచీ కూత. కూతకూ ఇంట్లో గడియారానికీ తేడా వస్తే తప్పు ఇంట్లో గడియారానిదే.

రేవులో లాంచీ తాడు విప్పే ఉద్యోగం పిన్నిది. ఎవరికి పిన్ని అంటే అందరికీ పిన్నే. ఆమెకన్నా పదేళ్ళు పెద్దవాడైన సెలూనాయన కూడా పిన్నీ అనే పిలుస్తాడు. ఇరవై రెండేళ్ళుగా ఆరింటికల్లా వచ్చి, కొంగు నడుముకు దోపి, గుంజ పక్కన నిలబడుతుంది. ఆ ముడి ఆమె చిటికెలో విప్పగలదు. కానీ వీధి మలుపులో ఎవరైనా చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరుగెత్తుకొస్తుంటే మాత్రం ముడికి ఏదో అయిపోతుంది.

"ఉండండుండండి, ముడి బిగుసుకుంది" అంటుంది, నిమ్మకు నీరెత్తినట్టు.

లాంచీ నడిపే సరంగు ఆమె భర్తకు స్వయానా అన్న. మరదలు ఆ మాట అనగానే ఆయన ఆకాశంకేసి చూస్తాడు. టిక్కెట్ గదిలో ఆమె భర్త చిల్లర వెతుకుతున్నట్టు నటిస్తాడు. పరుగెత్తుకొచ్చినవాడు ఎక్కగానే ముడి దానంతటదే వదులవుతుంది. దీన్ని మోసమని ఆ ఊళ్ళో ఎవరూ అనుకోలేదు, నేనూ అనుకోను.

అలాంటి రేవుకు ఒక ఆదివారం నగరం ఆఫీసు నుంచి ఒక అధికారి చేతిసంచీతో దిగాడు. సన్నగా, ఇస్త్రీ మడత చెదరకుండా ఉంటాడు. బేకరీ పైన గది తీసుకున్నాడు. ఆరు రోజులు పరీక్ష అన్నాడు. లాంచీ టైముకు బయల్దేరకపోతే పొద్దున ట్రిప్పు రద్దు, ఇక రోజుకు పదకొండింటిది ఒక్కటే. సాయంత్రానికల్లా ఊరు ఆయనకు 'నిమిషాలాయన' అని పేరు పెట్టేసింది.

ఊరంతా నవ్వుకుంది గానీ పిన్నికి గుండె జారింది. ఆమె కూతురు నగరంలో నర్సు ట్రైనింగులో కొత్తగా చేరింది. ఎనిమిదిన్నరకు క్లాసు. పొద్దున లాంచీ లేకపోతే బస్సులో చుట్టూ తిరిగి మూడు గంటలు, అదీ మధ్యలో రెండు బస్సులు మారాలి. ట్రిప్పు పోతే పిల్ల చదువు పోయినట్టే.

సోమవారం సెలూనాయన సగం గడ్డానికి సబ్బుతో వచ్చాడు. నాలుగు నిమిషాలు ఆలస్యం. మంగళవారం టీచరమ్మ చెప్పు నీళ్ళల్లో పడింది, దాన్ని పట్టడానికి ఆరు. బుధవారం అందరూ ముందే వచ్చేశారు. ఇవాళ ఎవరూ ఆలస్యం కాలేదన్న సంతోషంలో ఒడ్డున నిలబడి కబుర్లు చెప్పుకుంటూ మూడు నిమిషాలు పోగొట్టారు. నిమిషాలాయన తల పట్టుకున్నాడు.

"పోనీ, ఒక్క రోజు. ఆరు రోజుల్లో ఒక్కటంటే ఒక్క రోజు టైముకు పంపండమ్మా. చాలు" అన్నాడు.

గురువారం పోయింది. శుక్రవారమూ పోయింది. మిగిలింది శనివారం.

శుక్రవారం సాయంత్రం ఆఖరి లాంచీ వచ్చాక, టిక్కెట్ గదిలో ఎవరూ లేనప్పుడు పిన్ని స్టూలెక్కి గడియారాన్ని ఐదు నిమిషాలు ముందుకు తిప్పింది. జనం ముందే వచ్చేస్తారు. గడియారం ఏడుంబావు చూపించినప్పుడు తాడు విప్పితే అసలు టైము ఏడూ పది. ఎవరికీ తెలియదు. ఇంత తెలివి నాకు ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందబ్బా అని మురిసిపోయింది.

శనివారం కూత వినగానే ఊరు ఉలిక్కిపడింది. ఇళ్ళల్లో గడియారాలన్నీ తప్పే! తడితలలు, ఎడమకాలి చెప్పు కుడికాలికి, సగం నమిలిన రొట్టె, అంతా పరుగే. ఆ పరుగులో ఏముందో గానీ జనానికి పిచ్చి ఉత్సాహం పుట్టుకొచ్చింది. పని లేనివాళ్ళు కూడా ఎక్కేశారు. సెలూనాయన తన గిరాకీని మెడకు గుడ్డతో సహా తీసుకొచ్చాడు. "ఎక్కండెక్కండి!" అని ఒకళ్ళనొకళ్ళు లాక్కుంటూ ఒకటే నవ్వులు.

గడియారం ఏడూ పది చూపించింది. ఇప్పుడు భర్తా బావగారూ విప్పమని అరుస్తారు, ఏం చెప్పి ఆపాలా అని పిన్ని నాలుక తడుపుకుంది. వింత ఏమిటంటే ఇద్దరూ నోరు మెదపలేదు. భర్త చిల్లర వెతుక్కున్నాడు, బావగారు ఆకాశం చూశారు. ముల్లు ఏడుంబావు మీదకు వచ్చింది. నిమిషాలాయన రోజూ పై డెక్కు మీదే నిలబడతాడు, ఈ గుంపులో ఎక్కేసే ఉంటాడు అనుకుని పిన్ని తాడు విసిరేసింది. లాంచీ కదిలింది. డెక్కు మీద నుంచి కూతురు రెండు చేతులూ ఊపింది. పిన్ని అక్కడే, గుంజ పక్కన, చిన్నపిల్లలా ఒక గెంతు గెంతింది.

వెనక నుంచి గొంతు వినపడింది. "లాంచీ ఏదమ్మా?"

నిమిషాలాయన. చేతిలో సంచీ, చంకలో పుస్తకం.

పిన్ని పైప్రాణాలు పైనే పోయాయి. "వెళ్ళిపోయిందండీ. సరిగ్గా ఏడూ పదికి" అంది.

ఆయన తన చేతిగడియారం ఆమె ముందు పెట్టాడు. ఏడు దాటి ఒక్క నిమిషం.

టిక్కెట్ గది కిటికీలోంచి భర్త తల బయటికొచ్చింది. "నేను ఐదు నిమిషాలేనే తిప్పింది!"

"మీరు కూడానా?" అంది పిన్ని. "మీరో ఐదు, నేనో ఐదు. మరి ఇంకో ఐదు..."

ఇద్దరూ కలిసి నీళ్ళకేసి చూశారు. దూరంగా బావగారు చక్రం ముందు దర్జాగా నిలబడి ఉన్నారు.

"పది నిమిషాలు ముందు" అన్నాడు నిమిషాలాయన నీరసంగా. "ముందు వెళ్ళినా తప్పేనమ్మా. నేనేం చేయను?" పుస్తకం తెరిచాడు. అంతలో నీళ్ళ మీద నుంచి ఒక అరుపు వచ్చింది.

"ఆపండి పెదనాన్నా! ఎవరో ఉండిపోయారు!"

అది కూతురి గొంతు. ఆ దూరానికి సంచీతో ఉన్న మనిషి ఒకడు కనిపిస్తాడు, ముఖం కనిపించదు. పది గొంతులు అందుకున్నాయి, తర్వాత లాంచీ మొత్తం. హడావుడిలో గడియారం చూడని వాళ్ళ లెక్కన లాంచీ టైముకు బయల్దేరింది, ఊరు గెలిచింది. వెనక్కి తిప్పితే ట్రిప్పు పోతుంది. అది అందరికన్నా ఎక్కువగా ఆ పిల్లకే తెలుసు. అయినా అరుస్తూనే ఉంది. బావగారు ఒక్క క్షణం అలా ఉండి, చక్రం తిప్పేశారు.

నిమిషాలాయన పెన్ను ఆగిపోయింది. "ఎందుకు తిరిగొస్తున్నారు?"

"మీ కోసమేనండీ" అంది పిన్ని. "మీరని వాళ్ళకి తెలీదు. మనిషి ఉండిపోయాడని."

ఆయన వస్తున్న లాంచీకేసి చూశాడు. నగరంలో ఆయన ఎన్ని బస్సుల వెనక పరుగెత్తాడో ఏమో.

లాంచీ రేవుకు వచ్చింది. వచ్చింది ఎవరి కోసమో చూసుకుని జనమంతా నోళ్ళు తెరిచారు, తర్వాత ఆపుకోలేక నవ్వేశారు. బావగారు మాత్రం మరదలికేసి చూడకుండా తాడు విసిరారు. పిన్ని దాన్ని గబగబా చుట్టింది. నిమిషాలాయన ఎక్కి, తన చోట నిలబడి, టైము చూసుకున్నాడు.

"ఏడూ ఎనిమిది. ఇంకా రెండు నిమిషాలుంది" అన్నాడు.

లాంచీ అంతా ఊపిరి బిగబట్టింది. ఏడూ తొమ్మిది. ఏడూ పది. "కానివ్వండమ్మా!"

పిన్ని ముడి లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. కంగారులో తడితాడు ఎలా చుట్టిందో ఏమో, ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆ ముడి రాయిలా పట్టేసింది.

"బిగుసుకుందండీ!" అంది. "నా బిడ్డ మీద ఒట్టు, ఈసారి నిజంగానే బిగుసుకుంది!"

ఒక్కరు నమ్మితే ఒట్టు. కూతురు డెక్కు మీద పొట్ట పట్టుకుని నవ్వుతోంది. భర్త గదిలోంచి ఉరికొచ్చి తానూ లాగాడు, ఇద్దరూ పళ్ళు బిగించి లాగారు. నిమిషం గడిచింది. ఇంకోటి గడిచింది. పిన్ని భయం భయంగా తలెత్తి పై డెక్కుకేసి చూసింది.

నిమిషాలాయన పుస్తకంలో ఏడూ పది అని ఎప్పుడో రాసేశాడు. చొక్కా చెయ్యి చేతిగడియారం మీదకు లాక్కుని, బావగారి పక్కన నిలబడి, ఆకాశంకేసి చూస్తున్నాడు.