పరీక్ష కోసం తిన్న రొట్టెలు

మొన్న మా మనవరాలికి రక్తపరీక్ష చేయించారు. గోధుమలు పడని జబ్బేమోనని అనుమానం. ఆ జబ్బు నాకుందని తెలియగానే డాక్టరమ్మ నావైపు అదోలా చూసింది, ఆస్తిపాస్తులు ఏమీ ఇవ్వకుండా ఇదొక్కటి పంచిపెట్టానన్నట్లు. సూదితో కాస్త రక్తం తీశారు. పిల్ల కాసేపు ఏడ్చి చాక్లెట్ అడిగింది. రిపోర్టు ఫోన్‌కే వస్తుందట. "అది వచ్చేదాకా గోధుమలు మానిపించకండి, మానిపిస్తే పరీక్షలో తేలదు" అని డాక్టరమ్మ చెబుతుంటే మా అమ్మాయి మామూలుగా తలూపింది. ఈ ఒక్క మాట వినకపోవడం వల్ల ఒకప్పుడు మా ఇల్లంతా ఎంత ఆగమైందో వాళ్లిద్దరికీ ఏం తెలుసు!

డెబ్బైల చివర్లో సంగతి. వరంగల్ స్టేషనుకు నడిచిపోయేంత దూరంలో మా ఇల్లు. నాకు ఏడెనిమిదేళ్లుంటాయి. కాళ్లూ చేతులూ పుల్లలు, పొట్ట మాత్రం కుండ. తిన్నది ఒంటికి పట్టేది కాదు. మా నాయనమ్మ శాస్త్రం ప్రకారం అన్నం బరువు, గోధుమ తేలిక. ఆ మాటకొస్తే మా వాడకట్టు మొత్తానిదీ అదే శాస్త్రం. జ్వరమొస్తే డబల్ రొట్టె, అంటే బేకరీ బ్రెడ్డు, పాలలో ముంచి పెట్టాలి. విరేచనాలైతే గోధుమరవ్వ జావ. కాస్త తేరుకుంటే పుల్కా. ఒళ్లు బాగున్నవాళ్లు మాత్రం హాయిగా పప్పన్నంలో చింతకాయ తొక్కు నంజుకునేవాళ్లు. నాకు ఏనాడూ బాగుండేది కాదు కనుక నాకు ఎప్పుడూ గోధుమే. నా జబ్బు ముదిరేకొద్దీ నాయనమ్మ ప్రేమ ముదిరేది, ప్రేమ ముదిరేకొద్దీ జావ చిక్కబడేది. దిష్టి తీసేది, తాయెత్తు కట్టించేది, మళ్లీ పొయ్యి మీద రవ్వ పెట్టేది. పాపం, ఆమెకు నేనంటే పంచప్రాణాలు.

ఒక ఎండాకాలం సెలవులకు వర్ధన్నపేట దగ్గరున్న మా మేనత్త వాళ్ల ఊరు పంపారు. ఆ ఇంట్లో గోధుమ అన్న మాటే లేదు. అన్నం, జొన్నగట్క, మజ్జిగ, మామిడికాయ పప్పు. నెల తిరిగేసరికి నా బుగ్గలు నిండాయి. ఇంటికొచ్చాక మళ్లీ మామూలే. "ఆ ఊరి నీళ్లు మంచియి" అని నాయనమ్మ తేల్చేసింది. కొత్తగా వచ్చిన పిల్లల డాక్టరు మాత్రం నీళ్ల దగ్గర ఆగలేదు. "అత్తమ్మోళ్లింట్ల ఏం తిన్నవమ్మా?" అని నన్నే అడిగాడు. అంతకుముందు ఏ డాక్టరూ నన్ను మనిషిగా లెక్కపెట్టి అడిగింది లేదు. గట్క దగ్గర్నుంచి ఈతపండ్ల దాకా అన్నీ చెప్పాను. అన్నీ విని మా నాన్నతో, అదే మా బాపుతో అన్నాడు: "గోధుమ పడ్తలేదేమో. హైదరాబాద్‌ల పేగు ముక్క తీసి చూస్తే ఖాయంగ తెలుస్తది. అప్పటిదాక తిండి మార్చకుండ్రి."

బాపు ఇంటికొచ్చి సగమే చెప్పాడో, నాయనమ్మే సగం విన్నదో గాని, "అయ్యో, ఇన్నొద్దులు నా చేతులతోనే పెడితినా!" అని కూలబడింది. గోధుమపిండి మొత్తం ఎదురింటి బర్రె కుడితిలో కలిసిపోయింది. ఆ మర్నాటి నుంచి నాకు నెయ్యి వేసిన అన్నం, గడ్డపెరుగు. "పెద్ద దవాఖానకు పోతాంది పిల్ల. జర కండ పట్టి కనబడాలె. లేకుంటె ఇంట్ల తిండి పెడ్తలేరనుకుంటరు" అనేది. ఎవరైనా పిల్లను దవాఖానకు జబ్బుతో తీసుకుపోతారు, మావాళ్లు నయం చేసి తీసుకుపోయారు. పొట్ట తగ్గి, మొహం తేటపడి, కొత్త గౌను తొడుక్కుని, కాటుక పెట్టుకుని, నేను పెళ్లికి పోతున్నట్లు రైలెక్కాను.

హైదరాబాద్‌లో పెద్ద డాక్టరు మొదట అడిగిన మాట, "గోధుమలు తింటోందా?"

"ఒక్క ముక్క ముట్టనియ్యలే సార్, రెండు నెలల సంది!" అన్నాడు బాపు, ఛాతీ విరుచుకుని.

డాక్టరు తల పట్టుకున్నాడు. గోధుమ మానేస్తే లోపల పేగు మానుతుందట, అప్పుడు ముక్క తీసి చూసినా నిజం తేలదట. తేలకుండా పిల్లకు జన్మంతా పథ్యం పెట్టలేం, ఇంకేదైనా జబ్బయితే చేజారిపోతుంది, మళ్లీ కొన్ని వారాలు రోజూ గోధుమ తినిపించి తీసుకురండి అన్నాడు. బాపు అడిగాడు: "అంటే, మంచిగైన పిల్లను మళ్ల ఖరాబు చేసి తేవాల్నా సార్?" డాక్టరు మెల్లగా తలూపాడు.

"నా పాణం పోయినా నేను పెట్ట" అంది నాయనమ్మ. ఆ పని అమ్మ మీద పడింది. ఎవరూ ఆమెను చేస్తావా అని అడగలేదు, చేస్తానని ఆమె అనలేదు. పొద్దుగూకే వేళ పెనం పొయ్యెక్కిందంటే ఇల్లు ఖాళీ. నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుని పక్కింటికి పోయేది. బాపు వాకిట్లో సైకిల్ తుడిచేవాడు. ఆ రోజుల్లో మా సైకిల్ మెరిసినట్లు వాడలో ఏ సైకిలూ మెరవలేదు. నేను గోడవైపు తిరిగి కూచుని రొట్టె తుంచుకునేదాన్ని. కొన్నాళ్లకే పొట్ట మళ్లీ ఉబ్బింది, నిలబడితే కళ్లు తిరిగేవి, బడి మాన్పించారు. అంటుకుంటుందని ఎవరన్నారో, తోటిపిల్లలు తొక్కుడుబిళ్లకు పిలవడం మానేశారు. నేను చేసిన తప్పేమిటో ఎంత వెతుక్కున్నా దొరికేది కాదు. "అమ్మా, నాకద్దే" అని ఏడిస్తే, "తిను బిడ్డా" అనేది అమ్మ. అంతే, ఇంకో మాట లేదు. నాయనమ్మ ఆమెతో మాటలు బంద్ చేసింది. నేనూ చేశాను. అంతమంది ఉన్న ఇంట్లో నాకంటూ ఎవరూ లేరనిపించేది.

పరీక్షనాడు సన్నటి గొట్టం చివర గోళీలాంటిది కట్టి మింగించారు. అది పేగుదాకా దిగి ముక్క తెంపాలని గంటలకొద్దీ ఒక పక్కకు పడుకోబెట్టారు. కొన్నాళ్లకు ఫలితం వచ్చింది. అదే జబ్బు. బతికినన్నాళ్లూ గోధుమ ముట్టొద్దు, అంతకు మించి మందూ మాకూ అక్కర్లేదు. బాపు అక్కడే అందరి ముందూ ఏడ్చేశాడు. ఇంటికి రాగానే నాయనమ్మ కొబ్బరికాయ కొట్టి, నన్ను ఒళ్లో కూచోబెట్టుకుని పెరుగన్నం ముద్దలు చేసి పెట్టింది. అమ్మ గడప దగ్గర నిలబడి చూసింది. నేను ఆమె దగ్గరికి పోలేదు, ఆమె కూడా రమ్మనలేదు. ఆ తర్వాత కూడా మా ఇద్దరి మధ్య ఆ రొట్టెల మాట ఏనాడూ రాలేదు.

పెళ్లయ్యి, పిల్ల పుట్టాక, ఒక సాయంత్రం మా ఆయనకు చపాతీలు ఒత్తుతుంటే ఉన్నట్టుండి నా చేయి ఆగిపోయింది. అమ్మ నాకు పూటకు చేసినవి రెండే రొట్టెలు. రెండు రొట్టెలు ఒత్తడానికి ఎంతసేపు కావాలి? కానీ నేను ఆఖరి ముక్క మింగేదాకా నా వెనక పీట మీద కర్ర చప్పుడు ఆగేది కాదు. అందరూ వెళ్లిపోయిన ఇంట్లో, నేను తినడం చూడలేక, నన్నొదిలి పోలేక, అమ్మ అటు తిరిగి కూచుని ఒత్తిన పిండినే ముద్ద చేసి మళ్లీ మళ్లీ ఒత్తేది. ఆ గదిలో ఒంటరిగా ఉన్నది ఇద్దరమని తెలియడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. అమ్మకు అన్నేళ్లు మిగల్లేదు.