లొసుగయ్య తన్నిన బంతి

రగ్బీ సంఘంలో ముప్పై ఏళ్ళుగా క్రీడాకారుల అర్హత పత్రాలు పరిశీలిస్తున్న గుమాస్తా తన జీవితంలో బంతిని ఒక్కసారే తన్నాడు. అది తిరిగి తిరిగి వచ్చి ఆయన ఇంట్లోనే పడింది.

అందరూ ఆయన్ను లొసుగయ్య అంటారు. ఆ బిరుదుకు ఆయన నొచ్చుకోడు సరికదా, తలుపు మీద రాయించుకోలేదన్నదొక్కటే వెలితి. స్థానికులే ఆడాలన్న నిబంధన వచ్చిన ఏడు, కార్యాలయం పైన తాళం వేసి ఉన్న గదిలో పద్నాలుగుమంది ఆటగాళ్ళు ఏడాదిగా నివసిస్తున్నట్టు ధ్రువపత్రాలు పుట్టించాడు. నిజంగా అక్కడ నివసించినవి సాలీళ్ళు. వాటికి మాత్రం జట్టులో చోటు దక్కలేదు. అభ్యంతరం చెప్పడానికి వచ్చిన తల్లిదండ్రులను ఆయన ఎన్నడూ గద్దించలేదు. మూడు ప్రతులు కావాలనేవాడు. మూడూ తెస్తే, మూడోదాని మీద సంతకం నీలం సిరాలో లేదనేవాడు. ఈలోగా ఐదు కొట్టేది, కిటికీ మూతపడేది. చట్టాన్ని ఉల్లంఘించేవాడికైనా చట్టమంటే కాస్త బెరుకు ఉంటుంది. లొసుగయ్యకు అది మేనత్త ఇల్లు. ఏ తలుపుకు గడియ పడదో చిన్నప్పటి నుంచీ తెలుసు.

ఈ ఏటి చిక్కు బాలికల పోటీలది. పోటీ ప్రారంభమయ్యే నాటికి పదిహేనేళ్ళు నిండి, పద్దెనిమిది నిండనివారే అర్హులు. మ్యాచ్‌లు ఫిబ్రవరిలో. సంఘం అధ్యక్షుడు నడిపే అకాడమీలో కొండల్లాంటి అమ్మాయిలు నలుగురికి జనవరిలోనే పద్దెనిమిది నిండుతాయి. అధ్యక్షుడు వచ్చి, నిట్టూర్చి, కుర్చీలో కూలబడ్డాడు. లొసుగయ్య నిబంధనల పుస్తకం తిరగేసి, "ప్రారంభం అంటే ఏమిటో ఇందులో ఎక్కడా రాయలేదండీ" అన్నాడు.

డిసెంబరు ముప్పైన, ప్రేక్షకులు లేని మైదానంలో, జట్లు లేని ప్రారంభోత్సవం జరిగింది. అధ్యక్షుడు రిబ్బను కత్తిరించాడు. తోటమాలి చప్పట్లు కొట్టాడు. ఆఫీసు బూట్లతోనే లొసుగయ్య బంతిని తన్నాడు. అది మురుగు కాలువలో పడింది. పోటీ ఘనంగా ప్రారంభమైందని మినిట్స్ పుస్తకంలో ఆయనే రాశాడు.

ఫిబ్రవరి మొదట్లో ఎంపికైనవారి జాబితా సరిచూస్తుండగా, ఒక పేరు దగ్గర ఆయన వేలు ఆగిపోయింది. కూతురి పేరు. మూడేళ్ళు తెల్లవారకముందే లేచి సాధన చేసి, తొలిసారి జట్టుకు ఎంపికైంది. జనవరి పదకొండున పదిహేను నిండాయి. డిసెంబరు ముప్పై నాటికి పద్నాలుగే.

ఇంటికి వెళ్ళి, భోజనాల దగ్గర సంగతి చెప్పి, వెంటనే ఉపాయమూ చెప్పాడు. "పుట్టినతేదీ ఓ పదిహేను రోజులు వెనక్కి జరుపుదాం, అమ్మలూ. అఫిడవిట్ సంగతి నేను చూసుకుంటా."

"జరపడానికి అదేమన్నా బల్లా?" అంది భార్య. "నొప్పులు పడ్డదాన్ని ఇక్కడే ఉన్నాను."

"నువ్వు రాసింది తప్పని రాయి నాన్నా, చాలు" అంది కూతురు.

అలా రాస్తే ఆ నలుగురూ పోతారనీ, వాళ్ళతోపాటు తన కుర్చీ కూడా పోతుందనీ ఆయన చాలాసేపు వివరించాడు. కూతురు కంచం తీసుకుని లేచిపోయింది.

మర్నాడు అభ్యంతరాలకు ఆఖరి రోజు. ఐదింటికి పది నిమిషాలుందనగా, కిటికీ లోంచి ఒక చెయ్యి కాగితాలు అందించింది. తలెత్తకుండానే, మూడు ప్రతులు కావాలన్నాడు లొసుగయ్య. మూడున్నాయి. సంతకాలు నీలం సిరాలో ఉన్నాయి. అభ్యర్థి మైనరు కనుక తల్లి సంతకమూ ఉంది. మొదటి మ్యాచ్ జరిగే రోజే ప్రారంభమనీ, బంతిని కాలువలోకి తన్నడం ప్రారంభం కాదనీ వాదన. ఆ రోజు చప్పట్లు కొట్టింది తానొక్కడేనని తోటమాలి ఇచ్చిన వాంగ్మూలం జతపరచి ఉంది.

మొదటి పేజీ నుంచి మళ్ళీ చదివాడు. ఎక్కడా సందు లేదు.

"ఇంత పకడ్బందీగా రాయడం ఎవరు నేర్పారే?"

"రోజూ భోజనాల దగ్గర నువ్వేగా."

గడియారం నాలుగు యాభై ఎనిమిది చూపుతోంది. ఆయన ముద్ర అందుకున్నాడు. బొటనవేలు అలవాటుగా తేదీ చక్రాన్ని రేపటికి తిప్పబోయింది.

"డేటు తిప్పకు నాన్నా."

వేలు తీసేశాడు. ముప్పై ఏళ్ళలో ఆ కిటికీ దాటి లోపలికి వెళ్ళిన మొదటి అభ్యంతరం మీద, ఆ రోజు తేదీతోనే ముద్ర పడింది.