సారయ్య అడిగితే చెబుతుంది

సారయ్యకు ఒక్కటే పిచ్చి. ఏదైనా ఇరుక్కుపోతే లాగనివ్వడు. దాని పక్కన కూర్చుని, ఏమైందో దాన్నే అడుగుతాడు.

పంజాగుట్ట సందులో షట్టర్లు, కర్టెన్ రాడ్లు బిగించే దుకాణం అతనిది. షట్టరు దిగకపోయినా, బీరువా సొరుగు రాకపోయినా, ప్రయాణం రోజు సూట్‌కేసు జిప్పు మొరాయించినా పిలుపు అతనికే. వస్తూనే "గుంజకుండ్రి!" అని కేకేసేవాడు. ఆ తరువాత టార్చి పట్టడానికి ఇంట్లో ఒకరిని మాత్రం ఉంచుకుని మిగతా వాళ్ళను బయటికి తోలేవాడు. "మంది ముందట అది చెప్పది. సిగ్గుపడ్తది." తలుపు వేసుకుని గుసగుసలు. పావుగంటకు బయటికొచ్చి తీర్పు: "వానకు చెక్క ఉబ్బింది, పాపం."

ఆ దుకాణం పైవాటాలో రఘురామ్ అద్దెకుండేవాడు. అమీర్‌పేటలో గోడ కనిపించకుండా జావా, ఒరాకిల్ కోర్సుల బ్యానర్లు కట్టిన రోజులవి. అతను ఒరాకిల్ చెబుతుంటే రెండొందల మంది నోరెత్తకుండా రాసుకునేవారు. ఇంట్లో మాత్రం కుళాయి తిరగకపోతే చాలు, భార్య మంజూష కిటికీలోంచి కిందికి చూసేది.

"నేనున్నానుగా?" అనేవాడు రఘురామ్.

"మీరు లాగుతారండీ. సారయ్య గారు అడుగుతారు."

ఈ "గారు" దగ్గరే రఘురామ్‌కు కడుపు మండేది. పెళ్ళయి నాలుగేళ్ళయింది, తన పేరు చివర ఆవిడ ఒక్కసారైనా గారు తగిలించలేదు. గోంగూర పచ్చడి చేస్తే తనకు మామూలు గిన్నె, సారయ్యకు మూత గిన్నె!

ఒకరోజు ఆవకాయ సీసా మూత రాలేదు. రఘురామ్ సీసాను పడగ్గదిలోకి తీసుకెళ్ళి గడియ పెట్టాడు. "ఏమైంది నీకు?" అని మెల్లగా అడిగాడు. సీసా మాట్లాడలేదు. "సారయ్యకైతే చెబుతావు కదూ!" అంటూ ఇంకో అరగంట అడిగి, చివరికి మంచం కోడుకేసి కొట్టాడు. దుప్పటి నిండా ఆవకాయ. అది ఉతుకుతూ మంజూష ఏమందో వేరే చెప్పక్కర్లేదు.

అలాంటి సమయంలో రఘురామ్ పాఠాలు చెప్పే సంస్థ యజమాని హనుమత్ప్రసాద్‌కు పడవల మోజు పుట్టింది. పాత తెరచాప పడవ ఒకటి కొని, హుస్సేన్ సాగర్ మీద ఆదివారం జరిగే పోటీకి పేరిచ్చి, కాకినాడలో పుట్టిన ఏకైక నేరానికి రఘురామ్‌ను కెప్టెన్ చేశాడు. రఘురామ్ ఉబ్బితబ్బిబ్బయ్యాడు. సారయ్యది జనగామ దగ్గర మెట్ట ఊరు. నీళ్ళ మీద అతనికేం పని?

ఆదివారం ఒడ్డున అందరూ చేరారు. రఘురామ్ దర్జాగా తాడు లాగాడు. తెరచాప అంచుకు వరసగా ప్లాస్టిక్ బిళ్ళలుంటాయి. పడవ మధ్య నిలిపిన స్తంభం వెనక ఉన్న గాడిలో అవి జారుతూ పైకి పోవాలి. మొదటి బిళ్ళ మనిషెత్తు పోయి ఆగిపోయింది. రఘురామ్ నూనె పోశాడు, సబ్బు రాశాడు, గాడిని సుత్తితో తట్టాడు. తోటి లెక్చరర్లు కూడా వచ్చి తాడు పట్టుకున్నారు. దాంతో పైకి పోనిది కిందికి రావడం కూడా మానేసింది.

"అరగంటే ఉందయ్యా," అన్నాడు హనుమత్ప్రసాద్ గడియారం చూస్తూ.

"ఫోన్ చేశానండీ, వస్తున్నారు," అంది మంజూష. ఎవరికని రఘురామ్ అడగలేదు.

సారయ్య లూనా బండి ఆగకముందే కేక వినిపించింది. "గుంజకుండ్రి!"

సారయ్య స్తంభానికి చెవి ఆనించాడు. "గుంజినవా సారూ?"

"కొంచెం."

"ఎంతమంది కొంచెం?"

"...ఆరుగురం."

సారయ్య స్తంభాన్ని జాలిగా నిమిరాడు. "అందరు జర ఛాయ్ తాగి రాండ్రి. సారు టార్చి పడ్తడు."

జనం కదిలాక గొంతు తగ్గించాడు. "ఇప్పుడు చెప్పు సారూ. ఈ నడుమ దీనికేమన్న చేసినవా?"

"దాన్ని కదా అడగాల్సింది?"

"అది చెప్పింది. నువ్వు సుత చెప్తే జల్దీ అయితది."

రఘురామ్ అటూ ఇటూ చూసి, స్తంభం పక్కన అంటించిన రంగు కాగితం విప్పాడు. లోపల ఇత్తడి పలక. 'కెప్టెన్ రఘురామ్' అని చెక్కి ఉంది. పోటీ మొదలయ్యే ముందు అందరిచేత చప్పట్లు కొట్టించుకుందామని శుక్రవారమే బిగించాడు. ఒక స్క్రూ పొడుగెక్కువై, దాని మొన గాడిలోకి పొడుచుకొచ్చింది.

సారయ్య నవ్వలేదు. స్క్రూ విప్పి జేబులో వేసుకున్నాడు. నూనెను గుడ్డతో తుడిచి, గాడికి కొవ్వొత్తి రుద్దాడు. "నూనెకు దుమ్ము పడ్తది సారూ, మైనమైతే ఫికర్ లేదు." బిళ్ళ జర్రున జారింది. పలక కూడా ఊడదీసి రఘురామ్ సంచిలో పెట్టాడు.

ఛాయ్ తాగినవాళ్ళు తిరిగొచ్చారు. "ఏంటయ్యా సంగతి?" అన్నాడు హనుమత్ప్రసాద్.

"ఎండకు గాడి ఉబ్బింది సారూ, పాపం. మీ సారే పట్టిండు. నేను ఊకె నిలబడ్డ."

యజమాని రఘురామ్ భుజం తట్టాడు. మంజూష అతనికేసి గర్వంగా చూసింది. నాలుగేళ్ళుగా అతను కోరుకున్న చూపు అదే. కానీ ఆ క్షణంలో అతనికి పంజాగుట్టలో టార్చి పట్టినవాళ్ళందరూ గుర్తొచ్చారు. ఎన్ని ఇళ్ళలో చెక్క ఉబ్బిందో, ఇనుము తుప్పుపట్టిందో! ఈ మనిషి ఎంతమంది పరువు జేబులో వేసుకుని తిరుగుతున్నాడో! అసూయ ఇంకా ఉంది. ఇలాంటివాణ్ణి చూసి ఏడవడానికి కూడా మొహం చెల్లలేదు.

"ఎండ కాదు సార్," అన్నాడు. "నా పేరు పలక కోసం గాడిలోకి స్క్రూ నేనే దించాను. బాగుచేసింది సారయ్య గారు."

ఒడ్డంతా గొల్లున నవ్వింది. సారయ్య తల పట్టుకున్నాడు. "ఏంది సారూ! నేను గంత సక్కగ దాస్తే, నువ్వే అడ్డం పడితివి!"

"మీరు కూడా పడవెక్కండి," అన్నాడు రఘురామ్. "మళ్ళీ ఇరుక్కుంటే ఎవరడుగుతారు?"

వద్దంటున్నా ఎక్కించారు. పోటీలో వాళ్ళది చివరినుంచి రెండో స్థానం, అది తరువాతి మాట. ఒడ్డు దూరమయ్యేసరికి సారయ్య రెండు చేతులా స్తంభాన్ని కావలించుకుని కళ్ళు మూసుకున్నాడు.

"భయమేస్తోందా?" అన్నాడు రఘురామ్.

"నాకేం భయం? ఇదే వణుకుతున్నది, పట్టుకున్న."

పక్కనున్న లెక్చరరు నవ్వబోతే రఘురామ్ కళ్ళెర్రజేశాడు.

"నిజమే, గాలి ఎక్కువైంది, పాపం దానికి," అన్నాడు. "గట్టిగా పట్టుకోండి సారయ్య గారూ."