రాహేలమ్మ ఓడిపోయిన పందెం

మా డ్రిల్లు టీచరు రాహేలమ్మ జమ్మలమడుగు ఆసుపత్రిలో తనువు చాలించిందన్న వార్త పోయిన మంగళవారం లెక్కల పాఠం చెబుతుండగా నాకు తెలిసింది. చేతిలోని సుద్దముక్క కింద పెట్టడం కూడా మరిచి, కబురు తెచ్చిన ప్యూనుతో వాదానికి దిగాను. ఎవరు చెప్పారు, సరిగా విన్నావా అని నిలదీశాను. వాదించి గెలిస్తే ఆ వార్త అబద్ధమైపోతుందని కాబోలు నా అవివేకం. జన్మంతా వాదాలతో గడిపినదాన్ని. మృత్యువు ఎదుట నా మాట చెల్లలేదు.

నిన్న పులివెందులలోని మా బాలికల పాఠశాలలో సంతాప సభ జరిగింది. వక్తలు ఆమెను శాంతమూర్తి అన్నారు, సహనశీలి అన్నారు. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, "దండీలు ఆడపిల్లలకు తగవని ఆమె తానే గ్రహించి హుందాగా తప్పుకున్నది" అని సెలవిచ్చారు. సభామర్యాదకు కట్టుబడి అప్పుడు నోరు మూసుకున్నాను. కాగితానికి ఆ నిర్బంధం లేదు. ఆయన చెప్పింది అసత్యం. రాహేలమ్మ శాంతమూర్తి కూడా కాదు. వంగిన నడుము కంటబడితే వీధి చివరికి వినబడేలా కేక వేసే మనిషి.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజుల్లో ఇద్దరమూ ప్రొద్దుటూరులో ఒక బాలికల బడిలో పనిచేసేవాళ్ళం. నాకంటే పెద్దది గనుక అక్కా అని పిలిచేదాన్ని. ఆ కాలాన ఆడపిల్లల డ్రిల్లంటే చేతులు పైకీ కిందికీ ఊపడమే. మద్రాసులో వ్యాయామశిక్షణ పొంది వచ్చిన ఈమె, పిల్లలకు పైజమాలు కుట్టించి, వరుసగా నేలమీదికి దించి దండీలు తీయించింది. ఒక్క పిలుపుకు అందరూ దిగాలి, ఒక్క పిలుపుకు అందరూ లేవాలి. ఒక్కరు తప్పితే వరుసంతా తప్పినట్టే. ప్రతి పిల్ల ఎద కింద జల్లించిన ఎర్రమట్టి పిడికెడు పోసేది. అది రవికెకు అంటితేనే దండీ. నడుము జారినా, మోకాలు ఆనినా కాదు.

"ఎట్ల తీస్తే ఏందక్కా, చెమట పడితే చాలదా?" అన్నాను ఒకసారి.

"లెక్క తప్పుగా చేసి జవాబు మాత్రం సరిగా రాసిన పిల్లకు మార్కులేస్తావా శారదా?"

"వేయను."

"మరి నన్నేంది అడుగుతాండావు?"

పక్కనున్న తాలింఖానాలో కసరత్తు చేసే కుర్రవాళ్ళు గోడమీదికెక్కి, "ఏంది పాపా, మట్టిలో దుడ్లు వెతుకుతాండారా?" అని వెక్కిరించేవారు. "మీ నడుములు వెతుకుతాండాము రా! యాడ పారేసుకున్నారో, ఒక్కని కాడా కనపడల్యా!" అని ఈమె తిప్పికొట్టేది.

చివరికి పాఠశాల కమిటీ అధ్యక్షులే స్వయంగా దయచేశారు.

"పెండ్లిచూపులకొచ్చినోళ్ళు ఇది చూస్తే ఏమనుకుంటారు టీచరమ్మా?"

"బిడ్డ గట్టిదే అనుకుంటారప్పా."

ఆయన నవ్వలేదు. డ్రిల్లు ఆపమన్నారు. రాహేలమ్మ పందెం కట్టింది: తాలింఖానా వరుస పక్కనే తన పిల్లల వరుస దిగుతుంది. వాళ్ళది ముందు చెదిరితే ఎవరూ మళ్ళీ ఈ మాట ఎత్తకూడదు. తమది ముందు చెదిరితే డ్రిల్లు పీరియడును కమిటీ తీసేసుకోవచ్చు. తాలింఖానా వస్తాదు హుసేన్ సాయిబు పిలుపు చెప్పి, తీర్పూ చెప్పడానికి ఒప్పుకున్నాడు.

ఆనాటి దృశ్యం ఇప్పటికీ నా కన్నుల కట్టినట్టుంది. వస్తాదు తొందరపడక, సాగదీసి పిలుస్తున్నాడు. కండలు తిరిగిన కుర్రవాళ్ళ మోచేతులు వణకసాగాయి. ఒకడి నడుము అప్పటికే ఊగుతున్నది. మా పిల్లలు మెల్లగా దిగుతున్నారు, మెల్లగా లేస్తున్నారు. గెలుపు మా గుమ్మంలోకి వచ్చేసిందనుకున్నాను. అప్పుడు మా వరుస కొసన, గోడ వైపున్న లక్ష్మీదేవి మోకాలు నేలకు ఆనించి లేచింది. వస్తాదు అవతలి కొసన ఉన్నాడు. జనంలో ఎవరూ చూడలేదు. గోడవారగా నిలబడ్డ రాహేలమ్మ చేయెత్తింది.

"ఆపు సాయిబూ. మాది తప్పింది."

"నేను చూల్లేదమ్మా."

"నేను చూసినా గదా."

అంతే, పందెం పోయింది. లక్ష్మీదేవి భోరుమంటే ఓదార్చనైనా లేదు. "ఏడ్చేది సాలు. మోకాలు దులుపుకో" అన్నది.

నా ఒళ్ళు మండిపోయింది. "పిచ్చా అక్కా నీకు? ఇంకొంచెం సేపు ఆగింటే వాళ్ళే పడిపోతాండ్రి!"

"పడిపోతాండ్రి. నేను చూసి కూడా చూడనట్టుంటే, రేపట్నించి మన బిడ్డలు దండీ తీయరు శారదా, నా కండ్లు యాడున్నాయని చూస్తారు."

"పీరియడ్డు పాయె గదా!"

"ఈడ పాయె. ఇంకోతాన పెడతా."

ఇదీ ఆ పెద్దమనిషి చెప్పిన "గ్రహింపు". అన్న మాట ప్రకారం ప్రొద్దుటూరు వదిలి పులివెందులకు వచ్చింది. బడి వెనకాల ముళ్ళు ఏరించి, మట్టి జల్లించి, మళ్ళీ పిల్లలను దించింది. అడ్డం చెప్పిన ప్రతి తల్లి ఇంటికీ పోయి, ఆ తల్లినే నేలమీదికి దించి, "నువ్వొకటి తీసి చూపించు, తర్వాత మాట్లాడు" అన్నది. నాకు ఇక్కడికి బదిలీ అయ్యేసరికి ఊళ్ళో అది వింత కాదు, అలవాటు. ఆఖరిసారి ఆసుపత్రిలో ఆమె మంచం పక్కన నేను దిగులుతో కుంగి కూర్చుంటే, మాట పెగలని గొంతుతో, "నడుము నిలబెట్టి కూర్చో" అని కసిరింది.

నిన్నటి సభ ముగింపులో ఇక్కడి కమిటీవారు ఒక ప్రకటన చేశారు: ఆమె స్మృత్యర్థం డ్రిల్లు పీరియడు స్థానే, ఆమె పేరిట కుట్టు తరగతి పెడతారట! సూదీదారాలతో నాకు పగ లేదు; సుబ్బరంగా నేర్పండి, ఇంకో పీరియడులో. బతికుండగా ఒక ఊళ్ళో లాక్కున్నదాన్ని, చచ్చాక ఇంకో ఊళ్ళో ఆమె పేరు పెట్టే లాక్కుంటామంటే ఎట్లా? ఈ పొద్దున కమిటీ ఎదుట ఈ మాటే అన్నాను.

"డ్రిల్లు ఎవరు చెప్తారమ్మా? మీకు దండీలు వస్తాయా?" అన్నారు ఒకరు.

"రావు. మీకు బడి నడపడం వచ్చా?" అన్నాను.

సాయంత్రం గంట కొట్టగానే పిల్లలు వరుసగా దిగారు. పిలుపు నేనే చెప్పాను. నా గొంతు ఆ మైదానానికి చాలింది, కళ్ళే చాలలేదు. ఏ నడుము జారుతున్నదో, ఏ మోకాలు ఆనబోతున్నదో, వాళ్ళకంటే ముందే కనిపెట్టే ఆ చూపు జమ్మలమడుగు మట్టిలో కలిసిపోయింది. ఆ చూపుకు బదులు ఈ జిల్లాలో లేదు, ఇక రాదు. ఆ మహనీయురాలికి నా కన్నీటి నమస్కృతి. ఆ పీరియడుకు బదులుగా మాత్రం ఎవరు ఏది తెచ్చినా, మేము పుచ్చుకోము.