మూడు పుస్తకాలు, ఒకే సాక్షి

ఒక మాట నిజమని తేలాలంటే ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉండాలని చిన్నప్పుడు సండేస్కూల్లో నేర్చుకున్నాను. జర్మనీలోని బ్రెమెన్‌లో పోర్చుగల్ సమాజ చరిత్ర మీద పరిశోధన మొదలుపెట్టినప్పుడు కూడా నా దగ్గరున్న కొలబద్ద అదొక్కటే.

కరోనా వచ్చిన మొదటి చలికాలం. లైబ్రరీ మూసేశారు, పుస్తకం కావాలంటే టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తీసుకుని గుమ్మం దగ్గర అందుకోవాలి. అందుకని ఇంట్లోనే కూర్చుని ఇంటర్నెట్‌లో వెతికాను. ఒక కథ దొరికింది. పాతకాలపు మహమ్మారిలో ఒక పోర్చుగీసు జాలరి ఊరు రోజూ చర్చిలో కూడి ప్రార్థించిందట, అక్కడ ఒక్కరూ చావలేదట. మూడు పుస్తకాల్లో అదే మాట. ఆదివారం జూమ్‌లో మా తెలుగు సహవాసంలో చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు.

సంఘపెద్ద ఆ కథను పట్టుకున్నారు. వచ్చే శనివారం తన ఫ్లాట్‌లోనే కూడుకుందామన్నారు. "ఆ జాలర్లకున్న విశ్వాసం మనకు లేదా?"

కూతురిని చూడటానికి వచ్చి, విమానాలు ఆగిపోవడంతో ఇక్కడే చిక్కుకుపోయిన గుంటూరు ఆంటీ ఫోన్ చేసింది. ఆమెకు షుగర్.

"ఏమ్మా, ఆ పోర్చుగల్ సంగతి నిజమేనా? చదువుకున్నదానివి, నీ మాటైతే నమ్ముతా."

"మూడు పుస్తకాల్లో ఉంది ఆంటీ."

"అయితే వస్తాలే. మా అమ్మాయి వద్దని ఒకటే గోల. నీకు పులిహోర కలుపుకొస్తా."

బుధవారం మా ప్రొఫెసర్ వీడియో కాల్‌లో ఒకటే అడిగారు, ఆ ముగ్గురూ ఎవరిని చూసి రాశారని. చూశాను. మూడోది రెండోదాన్ని, రెండోది మొదటిదాన్ని చూసి రాసినవే. మొదటిదానికి ఆధారమే లేదు. ఆ ఊరి చర్చి మరణాల రిజిస్టరు ఆన్‌లైన్‌లో ఉంది. నిఘంటువు పక్కన పెట్టుకుని ఆ ఏటి పేజీలు తిప్పాను. తల్లి, బిడ్డ, ఇంకో బిడ్డ. ఒకచోట చేతిరాత మారింది. కొత్త చేతిరాతలో మొదటి పేరు, అప్పటిదాకా రాసిన పాద్రీది.

మర్నాడు సంఘపెద్దకు చెప్పాను.

"దేవుని కార్యానికి రిజిస్టర్లు చూస్తామా అమ్మా? నీ విశ్వాసం సన్నగిల్లింది. గ్రూపులో పెట్టకు, బలహీనులు తొట్రుపడతారు."

నా విశ్వాసం తగ్గలేదు. ఆ రిజిస్టర్లో ఉన్నవాళ్లంతా ప్రార్థించినవాళ్లే.

కానీ పెద్ద వద్దన్నాక ఇంకొకరి చెవిన వేయకూడదు, మా పద్ధతి అది. ఆయన మనసు మార్చుకుంటారని శుక్రవారమంతా ఎదురుచూశాను. ఆంటీ నంబరు చేతిలోనే ఉంది. ఫోన్ చేయలేదు. శనివారం మాత్రం నాకు జ్వరమని అబద్ధం చెప్పి ఇంట్లో ఉండిపోయాను.

మూడు వారాలకు ఆంటీ వెంటిలేటర్ మీద పోయింది. జూమ్‌లో ఆదరణ కూటం పెట్టారు. సంఘపెద్ద మళ్లీ ఆ జాలరి ఊరి సంగతి ఎత్తారు. "అది నిజం కాదు" అన్నాను. మాట పూర్తయ్యేలోపే నన్ను మ్యూట్ చేశారు.

ఆ సాయంత్రం ఆంటీ కూతురు మెసేజ్ పెట్టింది: "అక్కా, ఆ మూడు పుస్తకాల పేర్లు పంపు. మా అమ్మ ఎవర్ని నమ్మి వెళ్లిందో చూడాలి."

పేర్లు పంపాను. రిజిస్టరు పేజీ కూడా పంపాను. దాని కింద, నేను అది చదివింది ఆ శనివారం కూటానికి ముందు బుధవారమని రాశాను.

నీలం టిక్కులు పడ్డాయి.