వర్లిన్ ముందుగా చదవడు

వర్లిన్ స్టోల్ట్స్ ఏ వార్తనూ ముందుగా చదవడు. మైకు ముందే మొదటిసారి చదవాలి, అప్పుడే నవ్వు నిజంగా వస్తుందంటాడు. కాన్సాస్‌లో మా చిన్న రేడియో స్టేషన్‌లో పొద్దున్న ఆరింటి కార్యక్రమం ఇరవై రెండేళ్లుగా అతనిది. మీటలు నొక్కే పని నాది. పత్రికల్లో ముక్కలు కత్తిరించి అతని ముందు పెట్టేదీ నేనే.

ఎన్నికలైన వారం అతనికి పండగే. ఓడినవాళ్ల ఏడుపు ఒకటి, వింత వార్త ఒకటి కలిపి చదువుతాడు. ఈసారి గెలిచింది మా పక్షమే. అయినా నాకు ఒంట్లో ఓపిక లేదు. నాలుగేళ్లకోసారి సగం ఊరు మిగతా సగంతో మాట్లాడడం మానేస్తుంది. చర్చి విందులో మళ్లీ ఒకరికొకరు గిన్నెలు అందించుకోవడానికి నెలలు పడుతుంది. విసుగొచ్చేసింది నాకు.

వర్లిన్ చెడ్డవాడేం కాదు. పన్నులు తక్కువుండాలి, సర్కారు మన వాకిట్లోకి రాకూడదు, ఓడినవాడు నోరు మూసుకుని పనికి పోవాలి అంటాడు. నేనూ అదే అంటాను. భార్య పోయాక అతనికి మిగిలింది ఒక్క అక్క, ఐడెల్లా. ఒకటో తరగతి పిల్లలకు చదువు చెప్పి రిటైరైన మనిషి. ఆమెది అవతలి పక్షం. ప్రతిసారీ ఇద్దరూ ఎవరి ఇంటి ముందు వాళ్లు వేరువేరు అభ్యర్థుల పేర్ల బోర్డులు పాతేవాళ్లు, థాంక్స్‌గివింగ్ పండగ రోజున మాత్రం ఆమె ఇంట్లో ఒకే బల్ల దగ్గర తినేవాళ్లు.

ఆ శుక్రవారం మొదటి ముక్క, తన పక్షం గెలిచేదాకా జుట్టు కత్తిరించనని ఒట్టు పెట్టుకున్నాయన గురించి.

"అయ్యా, నాలుగేళ్లకి నీ జుట్టు పక్క జిల్లాకి చేరుతుంది!" అన్నాడు వర్లిన్.

తర్వాత, బ్యాంకులో దూరి గుమస్తా కుర్చీ ఎక్కిన టర్కీ కోడి. మూడోది నగరం పత్రికలో పేరు లేకుండా వచ్చిన ఒక ఉత్తరం. 'పండగ బల్ల దగ్గర చోటు లేదు' అన్న శీర్షిక చూసి కత్తిరించానే తప్ప నేనూ లోపల చదవలేదు.

"'రోజూ కాఫీతోపాటు రేడియో పెట్టుకునేదాన్ని. ఎన్నికల మర్నాడు కట్టేశాను.' పోన్లే తల్లీ, కాఫీ మానలేదు! 'ఈసారి మా తమ్ముణ్ణి పండక్కి పిలవడం లేదు.' బతికిపోయాడు వెధవ!"

పగలబడి నవ్వి మళ్లీ అందుకున్నాడు.

"'మాలాంటివాళ్లని చూసి వాడు నవ్వుతుంటే వినలేకపోయాను. పుల్లమీగడ, ఎండుద్రాక్షలు పెట్టి కాల్చే తీపిరొట్టె మా ఇంట్లో వాడొక్కడే తినేది. ఇక ఎవరికోసం చెయ్యను?'"

కాగితం బల్ల మీద పెట్టేశాడు. ఆ తీపిరొట్టె ఏటేటా పండగ మర్నాడు ఒక ముక్క స్టేషన్‌కి తెచ్చేవాడు. నేను మర్యాదకి ఒక్క చెంచా తినేదాన్ని.

ఫోన్ మోగింది. డెల్మర్ అనే రైతు. "ఆ పిచ్చిదాని ఉత్తరం ఇంకోసారి చదవవయ్యా వర్లిన్, కడుపుబ్బిపోయింది!"

"పిచ్చిది కాదు డెల్మర్. నాకు చదవడం నేర్పిందే ఆవిడ." మైకు దగ్గరకు వంగాడు. "అక్కా, తప్పైపోయింది." అంతలోనే నా వైపు తిరిగాడు. "రేడియో కట్టేసింది కదా నోరీన్. ఎలా వింటుంది?"

కోటు తగిలించుకుని వెళ్లిపోయాడు. ఇరవై రెండేళ్లలో అతను మధ్యలో లేవడం అదే మొదలు. ఏం చెయ్యాలో తోచక చేతికందిన పోల్కా పాటల రికార్డు పెట్టాను. నలభై నిమిషాలు అదే తిరిగింది. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి, నేను ఎత్తలేదు.

ఏడింటికి వచ్చాడు. కోటు కూడా విప్పకుండా కూర్చున్నాడు.

"తలుపు తీసిందా?" అన్నాను.

"లేదు. ఎంత కొట్టినా తియ్యలేదు. మెట్ల మీదే కూర్చున్నాను."

"అయ్యో వర్లిన్."

"లోపల నువ్వు పెట్టిన పోల్కాయే మోగుతోంది, నోరీన్."