బండి వెళ్లిపోయినా నిలబడ్డ ఇల్లు

మాకు ఒక వరికోత మిషన్ ఉంది. కోతలు మొదలైతే చాలు, వరంగల్‌లో మేముండే అద్దె గదికి తాళం వేసి మిషన్ వెంట బయలుదేరతాం. వర్ధన్నపేట వైపు మొదలుపెట్టి, తొర్రూరు మీదుగా కేసముద్రం దాకా పొలాల గట్లమ్మటే మా కాపురం. వానాకాలం పంటకు ఒకసారి, ఎండల్లో చేతికొచ్చే యాసంగికి ఒకసారి. మా ఆయన, మిషన్ నడిపే మా మరిది, మా అత్తమ్మ, నేను. చాలా ఏళ్లపాటు ఆ నెలల్లో మా ఇల్లు ఒక పాత మినీ బస్సు.

సీట్లు పీకేసి రెండు మంచాలు, గ్యాస్ పొయ్యి, నీళ్ల డ్రమ్ము పెట్టుకున్నాం. చూసినవాళ్లంతా ముచ్చటపడేవారు. కష్టమల్లా మిషన్‌కు డీజిల్ అయిపోయినా, బెల్టు తెగినా, టౌనుకు పోవాల్సింది ఆ బస్సే కావడం. అంటే ఇల్లే పోవాలి. ఉడుకుతున్న అన్నం దించి, గిన్నెలు సర్ది, అత్తమ్మను కూర్చోబెట్టి తలుపు వేసేసరికి నాకు తల తిరిగేది. ఒకసారి బస్సు కిటికీకీ తుమ్మచెట్టుకూ తాడు కట్టి బట్టలు ఆరేశాను. మా ఆయన చూసుకోకుండా బండి కదిలించాడు. మా చీరలన్నీ దుమ్ములో ఈడ్చుకుంటూ బస్సు వెనక పరుగెత్తాయి. వాటి వెనక నేను పరుగెత్తాను. పొలంలో ఉన్న ఆడవాళ్లు పనులాపి నవ్వారు.

ఒక యాసంగిలో తొర్రూరు దగ్గర ఆ బస్సు ఇంజిను పూర్తిగా చెడిపోయింది. మెకానిక్ షెడ్డులోకి తోసుకెళ్లాం. ఇల్లు అక్కడే ఉంది కాబట్టి మేమూ అక్కడే ఉన్నాం. పక్కన టైర్లు, కింద నల్లటి ఆయిల్ మడుగులు. అత్తమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "గిదేం ఇల్లే బిడ్డా! ఇంటికి జరమస్తే మనమంత దవాఖానల పండాల్నా?" అంది.

ఆ షెడ్డు ఎదురుగానే ఒక గోదాము ఉంది. ఒక పొద్దున పెద్ద కంటైనర్ లారీ వచ్చి ఆగింది. డ్రైవరు దిగి, కంటైనర్ ముందు భాగంలో ఉన్న ఇనుప కాళ్లు రెండూ కిందికి దింపాడు. ఏదో పిన్ను లాగాడు. లారీ తల భాగం మెల్లగా ముందుకు జారి, ఒంటరిగా వెళ్లిపోయింది. కంటైనర్ తన కాళ్ల మీద తాను నిలబడింది. మా ఆయన చేతిలో టీ గ్లాసు అట్లాగే ఉండిపోయింది. నా వైపు తిరిగి, "ఇల్లు గట్ల నిలవడితే ఎట్లుంటదే?" అన్నాడు.

కోతలయ్యాక బస్సును అమ్మేసి, పాత పికప్ బండి ఒకటి తీసుకున్నాం. వరంగల్ పొలిమేరలో ట్రాక్టర్ ట్రాలీలు తయారుచేసే వెల్డింగ్ షాపు పెద్దాయన, బండి నుంచి విడిపోయి నిలబడే ఇల్లు కావాలన్న మా మాట విని ముందు నవ్వాడు. తర్వాత సుద్దముక్కతో నేల మీద బొమ్మ గీశాడు.

"ఎనుక కొక్కేనికి తగిలిస్తే తోకలెక్క ఊగుతది తమ్మీ. బరువు బండి నడుము మీద పడాలె. గందుకే ఇంటి ముందటి భాగాన్ని జర లేపి, బండి మీదికి ఎక్కిస్త."

అట్లా లేపిన ముందు భాగం లోపల ఒక చిన్న మేడలా తయారైంది. నాలుగు మెట్లు ఎక్కితే ఒక పరుపు పట్టేంత చోటు, పక్కన జానెడు కిటికీ. మేమెవరం ఏమీ అనకముందే అత్తమ్మ మెట్లెక్కి అక్కడ కూర్చుంది. ఆమె జన్మలో మేడ మీద పడుకుని ఎరుగదు. కిటికీలోంచి షాపు వెనకున్న పత్తి చేలను చూస్తూ, "ఇంత దూరం కనపడ్తదా!" అంది.

ఆ ఏడు మొదటి పొలం దగ్గర మా ట్రాలీ ఇంటిని ఆపినప్పుడు నేను గట్టు మీద నిలబడి చూశాను. మా ఆయన ఇంటి ముందున్న ఇనుప కాళ్లు దింపాడు, పిన్ను లాగాడు, పికప్ ఎక్కి మెల్లగా ముందుకు పోనిచ్చాడు. ఇల్లు ముందుకు పడిపోతుందని నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి పికప్ మలుపు దగ్గరుంది. ఇల్లు మాత్రం పండిన పొలం పక్కన కదలకుండా ఉంది. లోపలికి వెళ్లి పొయ్యి మీద పాలు పెట్టాను. పాలు నిలకడగా పొంగాయి. ఎవరూ వచ్చి, దించు, పోవాలి అనలేదు. ఆ చిన్న గదిలో నిలబడి గోడను చేత్తో తడిమి చూసుకున్నాను. నవ్వొచ్చింది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి.

ఆ తర్వాతి యాసంగిలో కేసముద్రం వైపు జరిగింది చెప్పాలి. అక్కడ ఒకామె, నాకన్నా కాస్త పెద్దది, ఒంటరిగా వ్యవసాయం చేసుకుంటుంది. ఆమె పొలం కోశాం. పచ్చి వడ్లు కదా, మా ట్రాలీ పక్కనే రోడ్డు మీద ఆరబోసింది. రోజంతా కాళ్లతో వడ్లు తిరగేస్తూ, అలసినప్పుడు మా మెట్టు మీద కూర్చునేది. ఇంకొక్క ఎండ పడితే కొనుగోలు కేంద్రానికి పోతాయి అనుకున్న నాడు, మధ్యాహ్నం దాటాక పడమట మొగులు లేచింది.

"అన్నా, వానస్తాంది! ఉన్న పరదా చినిగింది," అని ఆమె మా ఆయనను చూసి అరిచింది.

"ఫికర్ చెయ్యకు, పరదాలు తెస్త," అని ఆయన పికప్ ఎక్కి టౌనుకు దూసుకుపోయాడు.

గాలి ఆయనకన్నా ముందొచ్చింది. కప్పబోయిన ఆ చిరుగుల టార్పాలిన్ పరదా ఎగిరి కరెంటు స్తంభానికి చుట్టుకుంది. ఆమె వడ్ల రాశి మీద బోర్లా పడి రెండు చేతులూ చాపింది, అంత రాశినీ ఒంటితో కప్పగలిగినట్టు. నేను చుట్టూ చూశాను. మా పాత బస్సే అయితే ఆ సమయానికి అది కూడా టౌను దారిలో ఉండేది. ఇల్లు మాత్రం తలుపు తెరుచుకుని అక్కడే నిలబడి ఉంది.

"అక్కా, లే! వడ్లు మా ఇంట్ల పోద్దాం."

"మీ ఇంట్లనా? పండే జాగలనా?"

పై కిటికీలోంచి అత్తమ్మ గట్టిగా అరిచింది: "ముచ్చట్లు పెడ్తరేందే! పొయ్యుండ్రి! వడ్లొస్తాంటే ఒద్దనే ఇల్లుంటదా?"

పక్క కల్లాల్లోని ఆడవాళ్లంతా పరుగెత్తుకొచ్చారు. తట్టలు, బకెట్లు, నా అన్నం గిన్నెలు, చివరికి చీర కొంగులు. మా మరిది ఇనుప కాళ్ల కింద చెక్కలు వేసి, బరువుకు దిగబడతాయేమోనని అక్కడే కూర్చుని కాపలా కాశాడు. మంచాలు నిలబెట్టేశాం. వడ్లు పాదాలు దాటాయి, పిక్కలు దాటాయి, మోకాళ్లు తాకాయి. ఆఖరి తట్ట లోపల పడుతుండగా రాళ్లవాన మొదలైంది. రేకు కప్పు మీద ఆ చప్పుడుకు ఒకరి మాట ఒకరికి వినపడలేదు. అంతమంది ఆడవాళ్లం, మోకాలి లోతు వడ్లలో, చెమటకు తడిసిన బట్టలతో, ఒకరినొకరం పట్టుకుని నిలబడ్డాం. పైన తన మేడలోంచి అత్తమ్మ తొంగిచూస్తూ, ఆ వడ్ల వైపు రెండు చేతులూ జోడించింది. నలుగురం తిరగడానికే ఇరుకైన ఆ గది అంత పంటనూ, అంతమందినీ ఎట్లా ఇముడ్చుకుందో నాకిప్పటికీ అర్థం కాదు.

మా ఆయన పూర్తిగా తడిసి, పరదాలు భుజాన వేసుకుని వచ్చాడు. తలుపులోంచి లోపలికి చూసి నోరు తెరిచాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "మరి నేనెక్కడ పండాలె?"

అందరం పడీపడీ నవ్వాం. ఆ రైతామె కూడా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది.

పరదాలు పరుచుకుని ఆ వడ్ల మీదే పడుకున్నాం. తెల్లారేసరికి నా వీపు కింద వెచ్చగా ఉంది. పచ్చి వడ్లు కుప్పగా ఉంటే వేడెక్కుతాయని తెలిసిన విషయమే. అయినా ఏదో పెద్ద జీవి మా కింద ఊపిరి తీస్తున్నట్టు అనిపించి కదలకుండా ఉండిపోయాను. ఆమె అప్పటికే లేచి, మోచేతుల దాకా వడ్లలోకి చేతులు పెట్టి తిరగేస్తోంది.

"మొలకొస్తదా అక్కా?" అన్నాను.

పిడికెడు తీసి వాసన చూసి, నా ముక్కు దగ్గర పెట్టింది. "రాదు చెల్లె. తిరగేస్తే సల్లగయితది. నువ్వు గూడ చెయ్యి పెట్టు."

నేనూ చేతులు పెట్టాను. పొద్దెక్కాక ఎండ వచ్చింది. రోడ్డు ఆరాక మళ్లీ అందరూ వచ్చి తట్టలతో మోశారు. ఆ వడ్లు ఒక్క గింజ కూడా నల్లబడకుండా అమ్ముడుపోయాయి. మేం బయలుదేరే రోజు ఆమె చీపురు పట్టుకుని వచ్చి, నేను వద్దంటున్నా మా ఇల్లు మూలమూలా ఊడ్చింది. పని అయ్యాక మా మధ్య కూర్చుని అన్నం తింది. పికప్ వచ్చి ఇంటిని ఎత్తుకుంటున్నప్పుడు, ఆ పిన్ను పడే చోటును వంగి వంగి చూస్తూ, "గింత ఇనుప ముక్క ఇంత ఇంటిని పట్టుకుంటదా!" అని ఆశ్చర్యపోయింది. మా ఆయన బండి దిగి వచ్చి, అది ఎట్లా పట్టుకుంటుందో ఆ పిన్నును మరోసారి లాగి, పెట్టి ఆమెకు చూపించాడు.